బరువు తగ్గించే మందులు: వైద్యుడు అడగవలసినవి, రోగి చెప్పవలసినవి

నలభై ఏండ్లకు దగ్గరగా తిరువూరులో ఆయుర్వేద వైద్యం చేస్తున్నాను. వైద్యశాల తెరచిన తొలి రోజులలో తల్లులు పిల్లలను వెంటబెట్టుకుని వచ్చి, "ఒళ్లు చేయటం లేదండీ, ఏదైనా లేహ్యం ఇవ్వండి" అని అడిగేవారు. ఇప్పుడు అవే ఇళ్ల నుండి "ఒళ్లు తగ్గటానికి ఏదైనా ఇవ్వండి" అని వస్తున్నారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 36 మంది అధిక బరువు కలవారు. కనుక ఇది ఏ ఒక్క ఇంటి సమస్యా కాదు.

అయితే నా వద్దకు వచ్చేవారిలో చాలామంది అప్పటికే ఏదో ఒక మందు వాడి వస్తున్నారు. కొందరు డాక్టరు చీటీతో, కొందరు చీటీ లేకుండా, కొందరు ప్రకటన చూసి, కొందరు బంధువుల మాట విని. నేను ఆయుర్వేద వైద్యుణ్ణి. ఇంగ్లీషు మందుల గురించి వ్రాయటం నాకు తగునా అని కొందరు అనుకోవచ్చును. ఆ మందుల గురించి అడగకపోవటం వలన నేను చేసిన ఒక పొరపాటే ఈ వ్యాసానికి కారణం. ముందుగా దానిని చెప్పి, తరువాత విషయానికి వస్తాను.

నేను అడగని ప్రశ్న

కొన్నేండ్ల క్రిందట పొరుగు గ్రామం నుండి ఇరవై ఆరేండ్ల గృహిణిని ఆమె తల్లి తీసుకువచ్చింది. నిద్ర పట్టదు, గుండె దడ, చేతులు సన్నగా వణుకు, చెమటలు, జుట్టు రాలటం. రెండు నెలలలో ఆరు కిలోలు తగ్గింది. కాన్పు తరువాత బాగా బరువు పెరిగిన పిల్ల కనుక, తగ్గినందుకు ఇంటివారు సంతోషంగానే ఉన్నారు. నేను నాడి చూశాను. వేగంగా ఉన్నది. వాతపిత్తాల ప్రకోపమని నిశ్చయించి, అశ్వగంధ చూర్ణం పాలతోను, దానితోపాటు సారస్వతారిష్టం ఇచ్చి పంపాను.

పన్నెండు రోజుల తరువాత ఒక రాత్రి ఆమె గుండె గతి తప్పింది. అన్న ఆమెను విజయవాడలో ఒక ఆసుపత్రికి తీసుకువెళ్లాడు. రక్తపరీక్షలో థైరాయిడ్ హార్మోను మితిమీరి ఉన్నట్లు తేలింది. అక్కడి డాక్టరు మొదట అడిగిన ప్రశ్న, "ఏం మాత్రలు వాడుతున్నావమ్మా?" అని. ఆమెకు థైరాయిడ్ వ్యాధి లేదు. తోటికోడలికి డాక్టరు వ్రాసిన థైరాయిడ్ మాత్రలను, బరువు తగ్గుతుందని విని, తానూ తెప్పించుకుని రోజుకు రెండు వేసుకుంటున్నది. అశ్వగంధ సైతం కొందరిలో థైరాయిడ్ హార్మోనును పెంచుతుంది. నేను మంటపై నెయ్యి పోశానన్న మాట.

మాత్రలు మానిన కొన్ని వారాలకు ఆమె కోలుకున్నది. ఒకనాడు ఆ మాత్రల అట్టను నా బల్లపై పెట్టి, "మీరు అడగలేదు కదండీ" అన్నది. ఆ మాటలో నిష్ఠురం లేదు, నిజమే ఉన్నది. మా గురువుగారి ఇంట చదువుకున్న రోజులలో దర్శనం, స్పర్శనం, ప్రశ్నం అని రోగపరీక్ష మూడు విధాలని వల్లె వేశాను. ఆ రోజు చూశాను, నాడి తాకాను, ప్రశ్న మాత్రం అడగలేదు. అప్పటి నుండి నా పుస్తకంలో రోగి పేరు క్రింద మొదటి వరుస "ప్రస్తుతం వాడే మందులు" అనే ఉంటుంది.

స్థౌల్యమును శాస్త్రం ఎలా చూచింది?

చరక సంహిత సూత్రస్థానంలో 21వ అధ్యాయం లోకం నిందించే ఎనిమిది రకాల శరీరాలను పేర్కొంటుంది. మిక్కిలి పొడవు, మిక్కిలి పొట్టి, మిక్కిలి రోమాలు, రోమాలు లేకుండుట, మిక్కిలి నలుపు, మిక్కిలి తెలుపు, మిక్కిలి లావు, మిక్కిలి సన్నము. వీటిలో చివరి రెండింటికే అక్కడ చికిత్స విస్తరించి చెప్పబడినది. తక్కినవి లోకుల దృష్టికి లోపాలు. ఈ రెండూ శరీరానికి బాధలు. బరువు గురించి వచ్చేవారిని నేను మొదట ఈ భేదం వద్దనే నిలుపుతాను. మిమ్మల్ని బాధిస్తున్నది శరీరమా, చూచేవారి మాటలా? రెండవదైతే దానికి మందు లేదు, మందు వాడనూ రాదు.

కారణాలలో అతిగా తినుట, తీపి, కొవ్వు పదార్థాలు, పగటి నిద్ర, వ్యాయామం లేకపోవుటతోపాటు బీజస్వభావమును, అనగా వంశపారంపర్యాన్ని కూడా శాస్త్రం చేర్చినది. మరొక సూక్ష్మం గమనించవలెను. పెరిగిన మేదస్సు మార్గాలను అడ్డగించగా వాయువు కోష్ఠంలోనే తిరుగుచు అగ్నిని రగిలిస్తుందని, అందుచేత స్థూలకాయునికి ఆకలి అధికమని అక్కడ వివరణ. అనగా ఆ ఆకలి తిండిపోతుతనం కాదు, వ్యాధి లక్షణమే. లావుగా ఉన్న కోడలిని, కూతురిని భోజనాల వద్ద ఎత్తిపొడిచే ఇళ్లవారు ఈ మాట గుర్తుంచుకోవలెను. నేటి కొత్త మందులు పనిచేసేది కూడా ప్రధానంగా ఈ ఆకలి మీదనే.

మందు ఎవరికి?

మొదట కొలత. బరువును కిలోలలో తీసుకుని, ఎత్తును మీటర్లలో రెండుసార్లు గుణించిన సంఖ్యతో భాగించగా వచ్చేది బి.ఎం.ఐ. ఉదాహరణకు 1.55 మీటర్ల ఎత్తు, 68 కిలోల బరువు గల స్త్రీకి అది సుమారు 28. భారతీయులకు 23 దాటితే అధిక బరువు, 25 దాటితే స్థౌల్యం అని వైద్యులు లెక్కిస్తారు. నడుము చుట్టుకొలత పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు మించరాదు. మనవారిలో కొవ్వు పొట్ట చుట్టూ చేరటం ఎక్కువ కనుక బరువుకంటె ఈ టేపు కొలతే మేలైన సాక్షి.

చీటీ మందులకు సాధారణంగా చెప్పే హద్దు బి.ఎం.ఐ. 30, లేదా మధుమేహం, రక్తపోటు వంటి వ్యాధి తోడుగా ఉంటే 27. పెండ్లిచూపులకు నాలుగు కిలోలు తగ్గవలెననుకునే అమ్మాయికి ఇవి వర్తించవు. ముందుగా బరువు ఎందుకు పెరిగినదో కూడా చూడవలెను. థైరాయిడ్ మాంద్యం, అండాశయంలో నీటి తిత్తులు, కీళ్ల నొప్పులకో ఉబ్బసానికో దీర్ఘకాలం వాడిన స్టెరాయిడ్లు, ఇన్సులిన్, కొన్ని మానసిక వ్యాధుల మందులు బరువును పెంచుతాయి. అటువంటి మందును రోగి తనంతట తాను మానరాదు; వ్రాసిన డాక్టరుతో మాట్లాడవలెను.

కొవ్వును ఆపే మాత్ర

డాక్టర్లు వ్రాసే పాత మందులలో నేటికీ నిలిచినది ఆర్లిస్టాట్. ఇది ఆకలిని తాకదు. ప్రేగులలో కొవ్వును జీర్ణం చేసే ఎంజైమును అడ్డగిస్తుంది. తిన్న కొవ్వులో సుమారు మూడవ వంతు జీర్ణం కాకుండా విసర్జింపబడుతుంది. 120 మిల్లీగ్రాముల మాత్ర చీటీ మందు. 60 మిల్లీగ్రాముల మాత్రను అమెరికాలో 2007 నుండి చీటీ లేకుండానే అమ్ముతున్నారు. ఫలితం మాత్రం స్వల్పమే. ఆహార నియమం పాటించే ఇద్దరిలో ఈ మాత్ర వేసుకున్నవారు ఏడాదికి సగటున మూడు కిలోల వరకు ఎక్కువ తగ్గుతారు.

ఇది వాడుతూ నూనె ఓడే పూరీ, నేతి పప్పు తింటే నూనె విరేచనాలు, ఆపుకోలేని మలప్రవృత్తి తప్పవు. ఎ, డి, ఇ, కె విటమిన్లు ఒంటికి పట్టటం తగ్గుతుంది. అందుచేత విటమిన్ మాత్రను రాత్రి పడుకునే ముందు విడిగా ఇస్తారు. థైరాయిడ్ మాత్రకు, దీనికి కనీసం నాలుగు గంటల ఎడం ఉండవలెను. రక్తం పలుచబరచే వార్ఫరిన్ వాడేవారు తప్పక డాక్టరుకు తెలుపవలెను. గర్భిణులకు, పైత్యరసం సరిగా ప్రవహించని వారికి ఇది నిషిద్ధం. మూత్రపిండాల వ్యాధి గలవారు జాగ్రత్తపడవలెను.

వారానికొక ఇంజక్షను

ఇక ఇప్పుడు అందరూ అడిగేవి సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్ అనే ఇంజక్షన్ల గురించి. భోజనం చేసినపుడు మన ప్రేగులు జి.ఎల్.పి.-1 అనే హార్మోనును విడుదల చేసి, చాలునన్న సందేశాన్ని మెదడుకు పంపుతాయి. ఈ మందులు ఆ హార్మోనును అనుకరిస్తాయి. జీర్ణాశయం మెల్లగా ఖాళీ అవుతుంది, ఆకలి అణగుతుంది. ఈ కోవలో మొదటి మందుకు ఆధారం అమెరికా ఎడారులలోని గిలా అనే విషపు బల్లి. దాని విషంలోని పదార్థాన్ని పోలినదే 2005లో మధుమేహానికి అనుమతి పొందిన ఎక్సెనటైడ్. విషమును శోధించి ఔషధంగా వాడుట మన రసశాస్త్రానికి కొత్త కాదు కనుక నాకిది వింత అనిపించలేదు.

సెమాగ్లుటైడ్‌కు స్థౌల్యం కొరకు అమెరికాలో 2021లో అనుమతి లభించినది. మన దేశంలో టిర్జెపటైడ్ మౌంజారో పేరుతో 2025 మార్చిలోను, సెమాగ్లుటైడ్ వెగోవీ పేరుతో 2025 జూన్‌లోను విడుదలైనవి. 2021లో ప్రచురితమైన ఒక పెద్ద పరీక్షలో సెమాగ్లుటైడ్ వాడినవారు 68 వారాలలో సగటున తమ బరువులో నూటికి 15 వంతుల దాకా తగ్గారు; మందు లేని సూదులు వేసుకున్నవారు 2.4 వంతులే తగ్గారు. అనగా 80 కిలోల మనిషి 12 కిలోల వరకు తగ్గవచ్చును. ఇది నిజమైన ఫలితమే. మా శాస్త్రంపై గౌరవం కొరకు దీనిని కాదనటం ధర్మం కాదు.

కానీ అదే పరీక్షలో మందు మానిన వారిని మరొక ఏడాది గమనించగా, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చినది. అణచిన ఆకలి మందు తీయగానే లేచినది. కనుక ఇది కొద్ది నెలల కోర్సు కాదు. రక్తపోటు మాత్ర వలె దీర్ఘకాల చికిత్స. మొదలుపెట్టే ముందే ఖర్చు ఎన్నేండ్లు భరించగలరో ఇంటిల్లిపాదీ కూర్చుని ఆలోచించవలెను.

వికారం, వాంతులు, మలబద్ధం లేదా విరేచనాలు తరచుగా కనిపించే ఇబ్బందులు. పిత్తాశయంలో రాళ్లు, అరుదుగా క్లోమం వాపు రావచ్చును. పై కడుపులో మొదలై వీపులోకి పోయే తీవ్రమైన నొప్పి వస్తే ఇంటి చిట్కాలు పనికిరావు. వెంటనే ఆసుపత్రికి వెళ్లవలెను. కొవ్వుతోపాటు కండ కూడా తరుగుతుంది కనుక పప్పులు, పాలు, గుడ్డు వంటి మాంసకృత్తులు, కండరాలకు వ్యాయామం అవసరం. మెడుల్లరీ రకం థైరాయిడ్ క్యాన్సర్ తమకు గాని రక్తసంబంధీకులకు గాని ఉన్నవారు వీటిని వాడరాదు. గర్భిణులు వాడరాదు, సంతానం కోరేవారు సెమాగ్లుటైడ్‌ను కనీసం రెండు నెలల ముందే మానవలెను. టిర్జెపటైడ్ గర్భనిరోధక మాత్రల శక్తిని తగ్గించవచ్చును. గ్లిమెపిరైడ్ మాత్రలు గాని ఇన్సులిన్ గాని వాడే మధుమేహ రోగులకు ఇవి తోడైతే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చును. మోతాదును డాక్టరే సవరించవలెను.

పోయిన మందులు నేర్పిన పాఠం

బరువు తగ్గించే మందుల చరిత్రలో మెచ్చుకోళ్లు ముందు, కన్నీళ్లు వెనుక. 1930లలో అమెరికాలో డైనైట్రోఫినాల్ వాడి కొందరు చూపు పోగొట్టుకున్నారు, కొందరు ప్రాణాలే కోల్పోయారు. ఫెన్‌ఫ్లూరమైన్ గుండె కవాటాలను చెడగొట్టినందున 1997లో బరువు తగ్గించే మందుగా ఉపసంహరింపబడినది. రిమోనబాంట్ తీవ్రమైన దిగులును, ఆత్మహత్య ఆలోచనలను కలిగించగా మన ప్రభుత్వం 2009లో నిషేధించినది. సిబుట్రమైన్ గుండెపోటు, పక్షవాతం ముప్పును పెంచుతున్నదని తేలి మన దేశంలో 2011లో నిషిద్ధమైనది. లార్కసెరిన్ క్యాన్సర్ అనుమానంతో 2020లో అమెరికా మార్కెట్టు నుండి తొలగింది. కొత్త మందు వచ్చినంతనే పరుగెత్తరాదని, వాడేవారు క్రమం తప్పక పరీక్షలు చేయించుకోవలెనని ఇవి నేర్పుతున్నవి.

దారి తప్పించి వాడే మందులు

కొన్ని మందులు స్థౌల్యానికి ఉద్దేశించినవే కావు. అయినా జనం వాడుతున్నారు.

థైరాయిడ్ మాత్రలు: గ్రంథి మందగించిన వారికి ఇవి అమృతం. గ్రంథి బాగున్నవారికి ఇవి గుండెను అదరగొట్టి, ఎముకలను, కండను తరిగిస్తాయి. ఆ గృహిణి కోల్పోయిన ఆరు కిలోలలో కండ ఎంతో ఎవరికి తెలియును?

విరేచన మందులు: సునాముఖి గాని, ఇంగ్లీషు విరేచన మాత్ర గాని పెద్దప్రేగు మీదనే ప్రధానంగా పనిచేస్తుంది. అప్పటికే ఆహారసారం ఒంటికి పట్టి ఉంటుంది. పోయేది నీరు, లవణాలు. మరునాడు బరువు తిరిగి వస్తుంది; అలవాటు మాత్రం మిగిలిపోతుంది.

మూత్రం జారీ చేసే మాత్రలు: తగ్గేది నీరే. పొటాషియం పడిపోతే గుండె గతి తప్పవచ్చును.

మెట్‌ఫార్మిన్: మధుమేహానికి మంచి మందు. రెండు మూడు కిలోలు తగ్గవచ్చును. ఇది బరువు కొరకు అనుమతి పొందిన మందు కాదు. మూత్రపిండాల శక్తి తెలుసుకోకుండా వాడరాదు.

ఈ చివరి మాట మా ప్రాంతంవారికి మరీ ముఖ్యం. తిరువూరుకు పొరుగున ఉన్న ఎ. కొండూరు మండలంలోని తండాలలో మూత్రపిండాల వ్యాధి ఎన్ని కుటుంబాలను కృంగదీసినదో ఇక్కడ అందరికీ తెలుసు. ఈ వ్యాధి తొలి దశలో నొప్పి ఉండదు, రోగికే తెలియదు. అటువంటివారు మే నెల ఎండలలో విరేచన మాత్ర వేసుకున్నా, ఇంజక్షను వలన వాంతులు చేసుకుంటూ నీరు త్రాగకున్నా, ఉన్న కొద్ది శక్తి కూడా హరించవచ్చును. బరువుకు ఏ మందైనా మొదలుపెట్టే ముందు రక్తంలో క్రియాటినైన్ పరీక్ష చేయించుకోండి. మందు ఖర్చుతో పోలిస్తే ఆ పరీక్ష ఖర్చు ఎంతో తక్కువ.

మూలికలని నమ్మి మోసపోవద్దు

ఇతరుల మందుల దోషాలు చెప్పి మా ఇంటి సంగతి దాచటం న్యాయం కాదు. మూలికలతో చేసినవని అమ్మే సన్నబడే గుళికలలో నిషిద్ధమైన సిబుట్రమైన్ కలిపి ఉన్నట్లు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ పలుమార్లు హెచ్చరించినది. ఒక చూర్ణం వాడిన వారంలోనే ఆకలి చచ్చి, నోరు ఎండి, గుండె దడ పుట్టి, నిద్ర పోయినదంటే అది మూలిక మహిమ అని సంతోషించవద్దు. అందులో ఏదో కలిసినదని అనుమానించండి.

గార్సీనియా గుళికలకు ప్రచారం ఎక్కువ. 1998లో ప్రచురితమైన పరీక్షలో అవి ఉత్తుత్తి గుళికల కంటె ఎక్కువ పని చేయలేదు. కాలేయం దెబ్బతిన్న సంఘటనలు తరువాత వెలుగులోకి వచ్చినవి. మేము గౌరవించే గుగ్గులు విషయం కూడా చెప్పవలెను. 2003లో అమెరికాలో ప్రచురితమైన పరీక్షలో గుగ్గులు సారం చెడు కొలెస్టరాల్‌ను తగ్గించకపోగా కొద్దిగా పెంచినది. కొందరికి దద్దుర్లు వచ్చినవి. త్రిఫలాదులతో శుద్ధి చేసి, ప్రకృతిని బట్టి ఇచ్చే గుగ్గులు యోగాలు నా అనుభవంలో కీళ్ల బరువుకు, వాపులకు ఉపకరించినవి. అయినా గర్భిణులకు, థైరాయిడ్ మందులు వాడేవారికి వైద్యుని పర్యవేక్షణ లేకుండా ఇవ్వరాదు.

స్థౌల్యాన్ని నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వటం 1954 నాటి ఔషధ, మాంత్రిక చికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టం ప్రకారం నేరం. ఆ చట్టం షెడ్యూలులో స్థౌల్యం పేరు స్పష్టంగా ఉన్నది. నెలలో పది కిలోలు అని గోడ మీద వ్రాసినవాడు ముందు చట్టాన్ని, తరువాత మిమ్మల్ని మోసగిస్తున్నాడు. ఆయుర్వేద మందు డబ్బాపై ద్రవ్యాల పేర్లు, తయారీ లైసెన్సు నంబరు, బ్యాచి నంబరు, గడువు తేదీ లేకుంటే కొనవద్దు. ఇంగ్లీషు మాత్రల అట్టపై ఎర్రని గీత ఉంటే అది చీటీ మందని గుర్తు. దుకాణదారు అడగకుండా ఇచ్చినా మీరు పుచ్చుకోరాదు.

ఇంటిలో చేయదగినది

మందు వాడినా, వాడకున్నా ఈ నియమాలు తప్పవు. స్థూలునకు గురువై, కడుపు నింపునదై, పోషణ తక్కువగా గల ఆహారం హితమని శాస్త్రాభిప్రాయం. యవలు, ఉలవలు, పెసలు, మజ్జిగ అటువంటివి.

1. కంచంలో సగం కూరగాయలు, పావు పప్పు, మిగిలిన పావే అన్నం లేదా జొన్న సంకటి. నూనె మనిషికి నెలకు అరకిలో మించరాదు. ఆవకాయ మీద తేలే నూనె కూడా లెక్కలోనిదే.

2. వారానికి మూడు నాలుగు రోజులు పలుచని ఉలవకట్టు ఒక గిన్నెడు. పెండ్లిళ్లలో మీగడ వేసి వడ్డించే చిక్కని ఉలవచారు దీనికి బదులు కాదు. ఆమ్లపిత్తం గలవారు మితంగా తీసుకోవలెను.

3. వెన్న తీసిన పలుచని మజ్జిగలో చిటికెడు శొంఠి, వేయించిన జీలకర్ర పొడి కలిపి మధ్యాహ్నం. ఎండాకాలంలో చల్లని పానీయాలకు ఇది మేలైన మారు.

4. రెండు చెంచాల బార్లీ గింజలను లీటరు నీటిలో ఉడికించి, వడగట్టి, పగలు కొద్దికొద్దిగా త్రాగవలెను. నీటిపై ఆంక్ష గల మూత్రపిండాల రోగులు డాక్టరును అడగవలెను.

5. మలబద్ధం ఉంటే త్రిఫలా చూర్ణం అర చెంచా రాత్రి గోరువెచ్చని నీటితో. విరేచనాలైతే ఆపవలెను. గర్భిణులకు వద్దు. ఇది కొవ్వును కరిగించే మందు కాదు, కోష్ఠశుద్ధికి మాత్రమే.

6. వారానికి రెండు సార్లు ఉలవపిండితో ఒంటిని పొడిగా, క్రింది నుండి పైకి రుద్దుకుని వేడినీళ్ల స్నానం. చెమట వాసన, బద్ధకం తగ్గుతాయి. బరువు దీనివలన తగ్గదు.

7. వారానికి ఐదు రోజులు అరగంట వేగంగా నడక, రెండు రోజులు కండరాలకు పని. రాత్రి భోజనం ఏడున్నరలోపు. పగటి నిద్ర మానవలెను.

8. మామిడి మా తిరువూరు సొత్తు, తినవద్దని చెప్పను. రోజుకు ఒక పండు, ఆ పూట అన్నం తగ్గించి తినండి. మధుమేహం గలవారు తమ చక్కెరను చూచుకుని నిర్ణయించుకోవలెను.

ఆరు నెలలలో ఉన్న బరువులో నూటికి ఐదు వంతులు తగ్గితే అది విజయమే. 80 కిలోలవారికి నాలుగు కిలోలు. అంతమాత్రానికే రక్తపోటు, చక్కెర, మోకాళ్ల నొప్పి సడలుట నేను అనేకులలో చూశాను. నియమాలు నిజాయితీగా పాటించిన తరువాత కూడా బరువు కదలక, మధుమేహం వంటివి బెదిరిస్తూ ఉంటే, అప్పుడు డాక్టరు చీటీతో మందు వాడటం ఓటమి కాదు. అది చికిత్స. నా రోగులను కొందరిని నేనే అటువంటి వైద్యుల వద్దకు పంపాను.

చెప్పవలసినది మీరు

ఏ వైద్యుని వద్దకు వెళ్లినా ఇంటిలో వాడే ప్రతి మాత్ర అట్టను, చూర్ణం డబ్బాను, సీసాను ఒక సంచిలో వేసుకుని వెళ్లండి. ఆయుర్వేద వైద్యుని ఎదుట ఇంగ్లీషు మందును, ఇంగ్లీషు డాక్టరు ఎదుట మా చూర్ణాన్ని దాచవద్దు. కోప్పడతారని భయపడి దాచేవారే ఎక్కువ. కోప్పడితే కోప్పడనివ్వండి. ఒకరికి వ్రాసిన మందు మరొకరు, వారు తోటికోడలైనా, అక్కచెల్లెళ్లైనా, వేసుకోరాదు.

ఆ గృహిణి మరుసటి ఏడు మళ్లీ వచ్చినది. కోల్పోయిన ఆరు కిలోలూ తిరిగి వచ్చి 72 అయినది. ఈసారి నేను చూర్ణాల జోలికి పోలేదు. పైన వ్రాసిన నియమాలే చెప్పాను, విజయవాడ డాక్టరును కూడా క్రమం తప్పక కలవమన్నాను. పధ్నాలుగు నెలలకు 66కు వచ్చినది. "ఇంత ఆలస్యమా?" అని వాళ్లమ్మ అన్నది. పెరగటానికి నాలుగేండ్లు పట్టినది కదా తల్లీ అన్నాను. ఆ అమ్మాయి మాత్రం నవ్వి, ఒళ్లో పెట్టుకున్న సంచిలో నుండి ఒక్కొక్క డబ్బా తీసి, నేను అడగకముందే, నా బల్లపై వరుసగా పెట్టినది.